రంగును విరిచే తెల్లపొడి

ఎర్రని అంచు, దాని ప్రక్కనే మల్లెపూవు వంటి తెల్లని నేల, ఆ నేల మీద నీలిరంగు లతలు. సూరత్ నుండి వచ్చిన ఇటువంటి పాలియెస్టర్ చీరను వరంగల్లులోనో జగిత్యాలలోనో ఒక ఇల్లాలు కొని, మొదటిసారి నీళ్ళలో జాడించేటప్పుడు ఆమె మనస్సులో ఒకే ఒక్క భయం ఉంటుంది: ఎరుపు కారి తెలుపు చెడిపోతుందేమో! చీర దండెం మీద ఆరి, తెలుపు తెలుపుగాను ఎరుపు ఎరుపుగాను నిలిచినప్పుడు ఆమె అమ్మినవానిని మెచ్చుకుంటుంది. కాని ఆ మెప్పులో సగం దక్కవలసిన పదార్థం పేరు ఆమెకు తెలియదు. అది ఆ చీరలో లేదు కూడా. మిల్లులో పదిహేను, ఇరవై నిమిషాలపాటు గుడ్డను తాకి, తన పని ముగించుకొని, మురికినీటితోపాటు వెళ్ళిపోయింది.

దాని శాస్త్రీయ నామం సోడియం డైథయోనైట్. వర్తకుల రసీదులలో సోడియం హైడ్రోసల్ఫైట్. రంగుల పని చేసేవారు మాత్రం ‘హైడ్రోస్’ అని పొట్టిగా పిలుస్తారు. చూడటానికి మెత్తని ఉప్పు వలె తెల్లగా ఉంటుంది. డ్రమ్ము మూత తీసినప్పుడు మండుతున్న అగ్గిపుల్లను గుర్తుకు తెచ్చే గంధకపు ఘాటు ముక్కుకు తగులుతుంది.

సూరత్ నగరానికి తూర్పు దిక్కున, పర్వత్ అనే పాత గ్రామానికి దారితీసే కూడలి పర్వత్ పాటియా. దాని పరిసరాలలోను, ప్రక్కనే ఉన్న లింబాయత్‌లోను, కొంచెం ఎడంగా ఉధ్‌నాలోను తెలుగు మాట వినబడని వీధి అరుదు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. ఈ కుటుంబాలలో పెక్కుమంది మరమగ్గాల మీద నేసేది రంగులేని బూడిదవన్నె గుడ్డ. అది పాండెసరా, సచిన్, కడోదరా, పల్సాణా ప్రాంతాల మిల్లులకు వెళ్ళి, రంగును అద్దకాన్ని పొంది, పర్వత్ పాటియా చుట్టుప్రక్కల పెరిగిన బట్టల మార్కెట్లకు చీరగా తిరిగి వస్తుంది. నేతకు, అమ్మకానికి నడుమ ఉన్న ఈ ప్రయాణంలోనే హైడ్రోస్ తారసపడుతుంది.

పాలియెస్టర్ మొండి నూలు. సాధారణమైన వేడినీటిలో అది రంగును లోనికి రానీయదు. అందువలన మూసిన యంత్రంలో, ఒత్తిడిని పెంచి, 130 డిగ్రీల వేడిలో దానిని ఉడికిస్తారు. అప్పుడు నూలుపోగు కొంత సడలి, రంగు కణాలు లోపలికి చొరబడతాయి. కాని అన్నీ చొరబడవు. కొన్ని పోగు పైభాగాన దుమ్ము వలె పేరుకొని ఉండిపోతాయి. చీర నీళ్ళలో పడ్డప్పుడు కారేది, ప్రక్కనున్న తెలుపును కాటువేసేది ఈ పైపై రంగే. దీనిని తొలగించటానికి లీటరు నీటికి సుమారు రెండేసి గ్రాముల చొప్పున కాస్టిక్ సోడాను, హైడ్రోసును కలిపి, 70, 80 డిగ్రీల వేడిలో గుడ్డను కడుగుతారు. పైనున్న రంగు అణువులు విరిగి, వర్ణహీనమై, నీటిలో కరిగిపోతాయి. పోగు లోపలికి చేరిన రంగుకు ఏమీ కాదు. ఆ ఉష్ణోగ్రత వద్ద పాలియెస్టర్ మళ్ళీ బిగుసుకొని ఉంటుంది కాబట్టి హైడ్రోస్ దాని గడప దాటలేదు.

ఈ పొడికి ఇంతటి శక్తి ఎక్కడిది? దాని అణువులో రెండు సోడియం, రెండు గంధకం, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. గంధకపు పరమాణువులు రెండూ ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి గాని, ఆ పట్టు చాల వదులు. గంధక పరమాణువుల మధ్య బంధం మామూలుగా 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపులలో ఉంటే, ఇందులో అది 2.39 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇంతగా సాగిన బంధం నీటిలో సులభంగా తెగుతుంది. తెగిన రెండు ముక్కలలోను ఒక్కొక్క ఒంటరి ఎలక్ట్రాను మిగులుతుంది. దానిని ఎవరికో ఒకరికి అప్పగించేదాకా ఆ ముక్కకు నిలకడ ఉండదు. ఎదురుగా రంగు ఉంటే రంగుకు, గాలి ఉంటే గాలిలోని ప్రాణవాయువుకు ఇచ్చివేస్తుంది. ఇటువంటి పదార్థాలను రసాయన శాస్త్రజ్ఞులు క్షయకరణులు అంటారు. 174 గ్రాముల హైడ్రోస్ నీటిలో కరిగి గాలి సోకితే 32 గ్రాముల ఆక్సిజన్‌ను మింగగలదు. అందుచేతనే తొట్టిలో దాని బలం నిమిష నిమిషానికి తగ్గిపోతూ ఉంటుంది. తొట్టిలో ఇంకా హైడ్రోస్ మిగిలి ఉన్నదా అని తెలుసుకోవటానికి అద్దకపు పనివారు పసుపుపచ్చని ‘వాట్ ఎల్లో’ రంగు పట్టించిన కాగితపు ముక్కను ముంచి చూస్తారు. అది నీలంగా మారితే ఉన్నట్టు; పసుపుగానే ఉంటే మరికొంత పొడి వేయవలసి ఉన్నట్టు.

పాఠకుడు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. హైడ్రోస్ రంగు మీద రెండు విధాలుగా పనిచేస్తుంది. కొన్ని రంగులను అది నిజంగానే విరుస్తుంది; విరిగిన ముక్కలు మళ్ళీ అతకవు. పాలియెస్టర్ మీద పేరుకొన్న రంగులలో ఎక్కువభాగం ఈ కోవకు చెందినవి. మరికొన్నింటిని అది కేవలం మరుగుపరుస్తుంది. గాలి తగలగానే పోయిన రంగు తిరిగి వస్తుంది. నీలిమందు ఈ రెండవ కోవలోనిది. చీరల సంగతిలో ఈ భేదం సాంకేతిక విషయం మాత్రమే. కాని తెలుగువారి వంటింటికి వచ్చేసరికి దీని మీదనే మోసమా కాదా అన్న ప్రశ్న ఆధారపడి ఉంటుంది.

నీలిమందు నీటిలో కరగదు. కరగనిది నూలుకు పట్టదు. దానిని కరిగించటానికి మన పూర్వులు కనుగొన్న ఉపాయం పులియబెట్టటం. పెద్ద బానలో సున్నపుతేట, నీలిమందు, ఉడికించిన తగిరిస గింజలు లేదా బెల్లం వేసి, మూతపెట్టి రోజుల తరబడి వదిలేవారు. పిండిపదార్థాన్ని, తీపిని తిని పెరిగే సూక్ష్మజీవులు బానలోని ప్రాణవాయువును హరించి, నీలిమందును క్షయకరణం చెందించేవి. నీలం మాయమై ద్రవం ఆకుపచ్చ కలసిన పసుపురంగుకు తిరిగేది. అందులో ముంచిన నూలును పైకి తీసి గాలికి పట్టగానే, చూస్తూ ఉండగానే పసుపు ఆకుపచ్చై, ఆకుపచ్చ నీలమై, పోగును అంటిపెట్టుకొనేది. బాన పక్వానికి వచ్చినదీ లేనిదీ వాసనతో, నాలుకకు తగిలించిన చుక్క రుచితో తేల్చే నిపుణులు ఉండేవారు. చలికాలంలో బాన ‘లేవకపోతే’ అద్దకపు ఇంట పస్తులే.

హైడ్రోస్ ఈ నిరీక్షణకు స్వస్తి చెప్పింది. రోజుల పని నిమిషాలకు దిగింది.

దాని పుట్టుక కథలో ఒక వింత ఉన్నది. జర్మన్ రసాయనవేత్త షోన్‌బైన్ 1852 ప్రాంతంలోనే సల్ఫ్యూరస్ ఆమ్లంలో లోహాలు కరిగినప్పుడు రంగులను హరించే ద్రవం ఒకటి ఏర్పడుతున్నదని గమనించాడు. 1869లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ షుట్జెన్‌బర్జే జింకును సోడియం బైసల్ఫైటుతో కలిపి ఈ లవణాన్ని సంపాదించాడు. అందులో ఉదజని ఉన్నదని ఆయన నమ్మాడు. అందుకే ‘హైడ్రో’ అన్న మాటను పేరులో చేర్చాడు. తరువాత బెర్న్‌ట్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి, ఇందులో ఉదజని పరమాణువు ఒక్కటైనా లేదని నిరూపించాడు. సిద్ధాంతం పోయింది గాని పేరు పోలేదు. నేటికీ రసీదులలో హైడ్రోసల్ఫైట్ అనే వ్రాస్తారు. షుట్జెన్‌బర్జే తన లవణాన్ని మరొక చక్కని పనికి కూడ వినియోగించాడు: నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు ఎంతో కొలవటానికి.

అయితే ప్రయోగశాలలో దొరికిన ఈ ద్రవం కొద్ది గంటలలోనే చచ్చిపోయేది. 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిమందును బజారులోకి తెచ్చినప్పుడు, దానిని సులభంగా కరిగించే నిలకడైన క్షయకరణి కూడ అవసరమైంది. ఆ సంస్థలోని శాస్త్రజ్ఞుడు మాక్స్ బాజ్‌లెన్ ఈ లవణంలోని నీటిని పూర్తిగా తొలగిస్తే అది చాలకాలం నిలువ ఉంటుందని కనిపెట్టాడు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలోనే పొడి హైడ్రోస్ ప్రపంచమంతటా అమ్మకానికి వచ్చింది. బీహారులోని నీలితోటలను, వాటివెంట మన దేశపు సహజ నీలి వ్యాపారాన్ని కూల్చినది కృత్రిమ నీలిమందు అని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. దాని వెనుక నిలిచి ప్రతి అద్దకపు ఇంటా బానను నిమిషాలలో సిద్ధం చేసిపెట్టిన ఈ తెల్లపొడి పేరు ఆ పుస్తకాలలో కానరాదు.

హైడ్రోసును తయారుచేసే పాత పద్ధతి జింకు పద్ధతి. సన్నని జింకు ధూళిని నీటిలో కలిపి, బాగా కలియబెడుతూ, అందులోకి సల్ఫర్ డయాక్సైడ్ వాయువును పంపుతారు. ఈ చర్యలో వేడి పుడుతుంది. చల్లబరుస్తూ 40 డిగ్రీల ప్రాంతంలో ఉంచాలి. లేకపోతే పుట్టిన పదార్థం పుట్టినట్టే నశిస్తుంది. ఇలా ఏర్పడిన జింక్ డైథయోనైట్ ద్రావణానికి కాస్టిక్ సోడానో బట్టల సోడానో చేర్చితే జింకు తెల్లని మడ్డిగా అడుగుకు దిగుతుంది. మడ్డిని వడకట్టి వేరుచేస్తారు. దానినుండి జింక్ ఆక్సైడును తీసి అమ్ముకోవచ్చు. వడకట్టిన ద్రవంలో మామూలు ఉప్పును దండిగా వేస్తే హైడ్రోస్ స్ఫటికాలు బయటపడతాయి. కాని ఈ స్ఫటికాలలో ఒక్కొక్క అణువుకు రెండేసి నీటి అణువులు అంటిపెట్టుకొని ఉంటాయి. ఈ తడి రూపానికి ఆయువు లేదు. ఆల్కహాలుతో కలిపి జాగ్రత్తగా వేడిచేసి ఆ నీటిని వెళ్ళగొట్టి, గాలి సోకకుండ ఆరబెట్టినప్పుడే అది వ్యాపారానికి పనికివచ్చే పొడి అవుతుంది.

రెండవది ఫార్మేట్ పద్ధతి. ఇందులో జింకు అవసరం లేదు. సోడియం ఫార్మేటును, కాస్టిక్ సోడాను మిథైల్ ఆల్కహాలు కలిసిన నీటిలో ఉంచి, ఒత్తిడిలో వేడిచేస్తూ సల్ఫర్ డయాక్సైడును పంపుతారు. హైడ్రోస్ నేరుగా నిర్జల స్ఫటికాలుగా ఏర్పడుతుంది. బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. మురికినీటిలో జింకు కలవదన్నది దీని ప్రధానమైన మేలు. మన దేశంలో వడోదర వద్దను, తమిళనాడులో కారైక్కుడి సమీపాన కోవిలూరులోను ఈ లవణపు కర్మాగారాలు వెలిశాయి.

డ్రమ్ములో ఉన్నంతకాలం హైడ్రోస్ సాధువే. మూత సరిగా బిగించకపోతే వచ్చేది అసలు చిక్కు. గాలిలో 90 డిగ్రీలు దాటిన వేడికి అది విచ్ఛిన్నమై, సల్ఫర్ డయాక్సైడును వెలిగ్రక్కుతూ, తనను తానే మరింత వేడెక్కించుకుంటుంది. ఆ వేడి బయటినుండి రానక్కరలేదు. డ్రమ్ములోకి కొద్దిపాటి నీరు దిగితే చాలు. తడిసిన చోట పుట్టిన వేడి ప్రక్కనున్న పొడిని రగిలిస్తుంది. అంతర్జాతీయ రవాణా నియమాలు దీనిని తనంతట తానే అంటుకొనే పదార్థాల తరగతిలో చేర్చి, 1384 అనే సంఖ్యను కేటాయించాయి.

నీరు అగ్గిని ఆర్పుతుందని పసిపిల్లలకు కూడ తెలుసు. హైడ్రోస్ విషయంలో బిందెడు నీరు అగ్గిని పుట్టిస్తుంది. వరదగా పోస్తేనే దానిని ఆర్పుతుంది. ఇసుకతో కప్పినా, తడిగోనెలతో మూసినా ఫలితం ఉండదు. మండటానికి ఈ పొడికి బయటిగాలి అక్కరలేదు. కనుక కప్పిన ఇసుక క్రింద కూడ అది రగులుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలియని గోదాము కాపలాదారు రెండు బకెట్ల నీళ్ళు చల్లి ప్రమాదాన్ని పెంచే అవకాశమే ఎక్కువ.

పర్వత్ పాటియా వంటి చోట ఇది ఊహాజనితమైన భయం కాదు. మీఠీ ఖాడీ అనే వాగు పొంగినప్పుడు పర్వత్, లింబాయత్ ప్రాంతాలలో వీధులు నీట మునగటం సూరత్ వాసులకు కొత్త కాదు. అటువంటి నేల మీద గోదాము పెట్టేవారు హైడ్రోస్ డ్రమ్ములను ఎత్తైన దిమ్మెల మీద నిలపటం, పాక్షికంగా వాడిన డ్రమ్మును నాటిసాయంత్రమే గట్టిగా మూసివేయటం, పొడిని తోడే చేట తడిలేకుండ చూడటం చాల చిన్న జాగ్రత్తలు. కాని ప్రాణాలు నిలిపేవి అవే.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, లోడై అనే పట్టణంలో 1995 ఏప్రిల్ 21న జరిగిన ఘోరం దీనికి నిదర్శనం. అక్కడి కర్మాగారంలో ఒక పెద్ద కలియబెట్టే యంత్రంలో హైడ్రోసును, అల్యూమినియం పొడిని, మరి రెండు పదార్థాలను కలుపుతున్నారు. యంత్రాన్ని చల్లబరిచే ఏర్పాటు నుండి కొద్దిగా నీరు లోనికి కారింది. పొడి లోలోపల వేడెక్కసాగింది. దుర్వాసన, పొగ రావటంతో అందరినీ బయటికి పంపివేశారు. కాని యంత్రంలోని సరకును ఖాళీచేయాలని కొందరు తిరిగి లోపలికి వెళ్ళారు. ప్రేలుడు సంభవించి అయిదుగురు మరణించారు. లోనికి కారిన ఆ కొద్ది నీరే అయిదు ప్రాణాలను బలిగొన్నది.

పేర్ల పోలిక తెచ్చే ప్రమాదం మరొకటి. సోడియం హైడ్రోసల్ఫైట్ వేరు, సోడియం హైడ్రోసల్ఫైడ్ వేరు. తెలుగులో ‘ట’, ‘డ’ల భేదమే! కాని రెండవదానికి ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. 2022 జనవరి 6 తెల్లవారుజామున సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరులోని రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా మురుగుకాలువలోకి వదులుతుండగా విషవాయువు వెలువడి, సమీపాన ఉన్న మిల్లులోని ఆరుగురు కార్మికులు మరణించారు. ఇంకెందరో ఆసుపత్రుల పాలయ్యారు. దర్యాప్తులో వినవచ్చిన రసాయనం పేరు హైడ్రోసల్ఫైడే. మన హైడ్రోసుకు ఆ పాపంలో భాగం లేదు. అయినా ఆమ్లం దగ్గర ఇది కూడ నమ్మదగినది కాదు. గంధకాన్ని, సల్ఫర్ డయాక్సైడును వెలువరించి ఊపిరి సలుపనీయదు. డ్రమ్ము మీది చీటీలోని అక్షరాలు కార్మికుడు చదవగలిగిన భాషలో ఉండవలసిన అవసరాన్ని ఆ తెల్లవారుజాము చాటిచెప్పింది. సూరత్ మిల్లులలో ఆ భాష గుజరాతీ, హిందీలతోపాటు ఒడియా కావచ్చు, తెలుగు కావచ్చు.

ప్రాణవాయువును లాగివేసే ఈ గుణమే ఆసుపత్రిలో మేలు చేస్తుంది. సూరత్‌కు తూర్పున ఉన్న తాపీ, డాంగ్ జిల్లాల గిరిజనులలో కొడవలి కణ వ్యాధి ఉన్నది. తెలుగునాట మన్యపు ప్రాంతాలకు కూడ ఇది అపరిచితం కాదు. ఈ వ్యాధి ఉన్నవారి రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పోగొట్టుకొన్నప్పుడు ఒకదానికొకటి అతుక్కొని, ఎర్రకణాన్ని కొడవలి వలె వంచుతుంది. పరీక్షించే పద్ధతి సులభం. చిన్న గాజుగొట్టంలో ఫాస్ఫేటు ద్రావణం, అందులో ఇంత సోడియం డైథయోనైట్, ఒక రక్తపు బొట్టు. డైథయోనైట్ ప్రాణవాయువును హరిస్తుంది. మామూలు రక్తమైతే ద్రవం తేటగా ఉండి, గొట్టం వెనుక పట్టుకొన్న కాగితం మీది గీతలు కనిపిస్తాయి. లోపమున్న హీమోగ్లోబిన్ అయితే ద్రవం మసకబారి గీతలు మాయమవుతాయి. గుజరాత్ ప్రభుత్వం 2006లో ప్రారంభించిన కొడవలి కణ వ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ పరీక్షను విస్తారంగా వాడారు. వ్యాధి ఉన్నవారికి, దానిని మోసేవారికి మధ్య తేడా తేల్చటానికి మరో పరీక్ష కావాలి. కాని అడవిపల్లెలో, విద్యుత్తు లేనిచోట తొలి హెచ్చరిక చేయటానికి ఈ పొడికి సాటియైనది అంత చవకలో దొరకదు.

ఇక వంటింటి మాట.

మేడారంలో సమ్మక్క సారలమ్మలకు భక్తులు సమర్పించే బెల్లాన్ని ‘బంగారం’ అంటారు. మొక్కు ఉన్నవారు తమ ఎత్తు బంగారాన్ని, అంటే తమ బరువుకు సరితూగే బెల్లాన్ని ఇస్తారు. సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ కుటుంబాలకు కూడ ఈ మొక్కు పరాయిది కాదు. బెల్లం బంగారు వన్నెలో ఉండాలన్న కోరిక అంత పాతది. ఆ కోరికను ఆసరాగా తీసుకొనే హైడ్రోస్ అద్దకపు తొట్టి నుండి బెల్లపు పెనంలోకి దిగింది.

చెరకురసాన్ని కాచేటప్పుడు అందులోని ఇనుము, చెరకు తోలులోని వర్ణద్రవ్యాలు, వేడికి మాడే చక్కెర, ఇవన్నీ కలసి పాకానికి గోధుమ నుండి నలుపు వరకు రంగు తెస్తాయి. చెరకు ముదిరినా, చౌడునేలలో పండినా, కొట్టిన గడ ఆలస్యంగా గానుగకు చేరినా నలుపు పెరుగుతుంది. మరుగుతున్న పాకంలో గుప్పెడు హైడ్రోస్ చల్లితే కొన్ని క్షణాలలో అది పసిమి తిరుగుతుంది. కాని ఇది పైన చెప్పిన రెండవ కోవ పని. మురికి పోలేదు, మాడు పోలేదు. రంగు మాత్రమే మరుగున పడింది. దిమ్మ గాలిలో నిలువ ఉన్నకొద్దీ నీలిమందు నూలు మీద తిరిగి వచ్చినట్లే బెల్లంలోని నలుపు మళ్ళీ తేలుతుంది. సంక్రాంతికి అరిసెల కోసం కొన్న పసిమి బెల్లం ఉగాది నాటికి చెమర్చి నల్లబడితే కారణం కొంతవరకు ఇదే.

రంగు తిరిగి వచ్చినా గంధకం వెళ్ళిపోదు. హైడ్రోస్ తన పని ముగించాక సల్ఫైటులుగా బెల్లంలో మిగులుతుంది. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి సల్ఫైటు అతి తక్కువ మోతాదులో కూడ ఆయాసం తెప్పిస్తుంది. అందుకే పొట్లంలో అమ్మే ఆహారంలో కిలోకు 10 మిల్లీగ్రాములు మించితే ఆ మాట చీటీ మీద వ్రాయాలని నియమం. ఆహారంలోని బి1 విటమినును సల్ఫైటు నాశనం చేస్తుంది. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ పదిలక్షల భాగాలకు 70 భాగాలు మించరాదని మన ఆహార నియమాలు హద్దు పెట్టాయి. పెనం ప్రక్కన గుప్పిటతో కొలిచే పనివానికి ఈ హద్దు ఎలా తెలుస్తుంది? పైగా అతని చేతిలో ఉన్నది అద్దకపు పనికి తయారైన పొడి. తినే పదార్థాలకు తగిన శుద్ధి దానికి ఉండదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు అనుమతించిన సల్ఫైటుల వరుసలో హైడ్రోసల్ఫైట్ పేరే లేదు.

రైతును తప్పుపట్టి ఊరుకోవటం న్యాయం కాదు. అనకాపల్లి దేశంలోని పెద్ద బెల్లపు మార్కెట్లలో ఒకటి. అక్కడి వేలంపాటలో దిమ్మకు ధర కట్టేది ముందుగా దాని రంగును చూసే. పసిమి దిమ్మకు ఎక్కువ ధర, నల్లదిమ్మకు తక్కువ ధర. అంతటితో ఆగదు. నల్లబెల్లం నాటుసారాకు పోతుందన్న అనుమానంతో అధికారుల నిఘా దాని వెంట ఉంటుంది. నిజాయితీగా కాచిన గోధుమరంగు బెల్లం ఇలా రెండువైపుల నుండి దెబ్బతింటుంది. నగరంలోని కొనుగోలుదారు పసిమిని కోరుతాడు, వర్తకుడు దానికే ధర ఇస్తాడు, రైతు పొట్లం విప్పుతాడు.

అనకాపల్లిలో 1913లో నెలకొన్న చెరకు పరిశోధనా కేంద్రం నేడు ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం క్రింద ప్రాంతీయ పరిశోధనా స్థానంగా పనిచేస్తున్నది. రసాయనాలు లేకుండ మంచి బెల్లం కాచటం అక్కడి కృషిలో ఒక భాగం. ఉపాయాలు తెలియనివి కావు: కొట్టిన చెరకును ఆలస్యం చేయకుండ ఆడించటం, రసాన్ని తేర్చి వడకట్టటం, సున్నపుతేటతో పులుపును సరిచేయటం, బెండమొక్క కాండం నుండి తీసిన జిగురును మరిగే రసంలో వేసి, అది పట్టుకొని పైకి తెచ్చిన మడ్డిని ఎప్పటికప్పుడు తీసివేయటం. ఇలా కాచిన బెల్లం గోధుమవన్నెలో ఉంటుంది. అందులో మురికి నిజంగానే పోయి ఉంటుంది. కాని పాటలో ఎదుటి దిమ్మ పసిమిగా ఉంటే ఈ దిమ్మకు పలికేది తక్కువ ధరే.

అద్దకపువారు మాత్రం ఇప్పుడు ఎదురుదిశలో నడుస్తున్నారు. వాడిన హైడ్రోస్ మురికినీటిలో సల్ఫేటుగా మారుతుంది. మురుగుకాలువలోని సూక్ష్మజీవులు ఆ సల్ఫేటును విషవాయువుగా మార్చి సిమెంటు గొట్టాలను కొరికివేస్తాయి. ఈ బెడదను తప్పించుకోవటానికి నీలిమందును విద్యుత్తుతో క్షయకరించే యంత్రాలను, ముందే క్షయకరించి ద్రవరూపంలో అమ్మే నీలిమందును జీన్సు గుడ్డల మిల్లులు చేపట్టాయి. సహజమైన రంగులతో అద్దే చిన్న చేనేత కేంద్రాలు ఇంకా వెనుకకు వెళ్ళి, సున్నమూ బెల్లమూ వేసిన బానను తిరిగి నిలబెట్టుకున్నాయి. బెల్లాన్ని తెల్లబరచటానికి హైడ్రోస్ పెనం చేరింది. హైడ్రోసును తప్పించటానికి బెల్లం బాన చేరింది. అటువంటి బానకు అనకాపల్లి పాటలో ధర పలకని నల్లదిమ్మ ఎంచక్కా సరిపోతుంది. అందులోని సూక్ష్మజీవులు తీపిని తింటాయి గాని రంగును చూడవు.